కాలమే కాటా!

పత్తిని కాటా మీద తూస్తారు. బంగారాన్ని తాసులో తూస్తారు. మరి సూక్ష్మదర్శినికి కూడా అందని కణాన్ని తూచాలంటే? దాన్ని పరుగెత్తించి, ఎంతసేపట్లో గీత దాటిందో చూడాలి. న్యూయార్క్‌కి వంద కిలోమీటర్ల దూరంలో, పైన్ చెట్ల మధ్య పాతికేళ్లపాటు జరిగింది అదే. ఆ లెక్కల్లో మన తిరుపతికీ వాటా ఉంది.

పల్నాడు జిల్లా ముప్పాళ్ళ. నరసరావుపేటకీ సత్తెనపల్లికీ మధ్యనున్న మండల కేంద్రం. పత్తి తీతల రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏ ఊరు చూసినా ఒకటే సందడి. బోరేల్లో కుక్కిన పత్తి ట్రాక్టరు ఎక్కుతుంది. కాటా దగ్గర దిగుతుంది. అక్కడ రైతు చూపు సరుకు మీద ఉండదు. ఒకప్పుడైతే ముల్లు మీద, ఇప్పుడైతే ఎర్రగా వెలిగే అంకెల మీద ఉంటుంది. ‘కాటా సరిగ్గానే ఉందా?’ అన్నదే ఆ చూపులోని ప్రశ్న. నెలల కష్టం విలువెంతో తేలేది అక్కడే మరి!

ముప్పాళ్ళకి 13 వేల కిలోమీటర్ల అవతల కొన్ని వందలమంది శాస్త్రవేత్తలు పాతికేళ్లుగా ఇదే ప్రశ్న వేసుకుంటూ వచ్చారు. వాళ్లు తూచింది పత్తినీ మిర్చి టిక్కీల్నీ కాదు, బంగారాన్ని బంగారంతో ఢీకొడితే ఎగిసే రవ్వల్ని. ఆ రవ్వల్ని ఏ పళ్లెంలోనూ పెట్టలేం. చాలావాటికి క్షణంలో కోట్లో వంతు కూడా ఆయుష్షు ఉండదు. అందుకే వాటి కోసం వేరే కాటా తయారుచేసుకున్నారు. అందులో తూకపురాయి... కాలం!

సైనిక శిబిరంలో సైన్సు ఊరు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలు న్యూయార్క్‌లో చూసేవి దాదాపు ఖాయం. స్వేచ్ఛా విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఫ్లషింగ్‌లోని వినాయకుడి గుడి, ఆ గుడి క్యాంటీన్లో దోసె. అక్కణ్నుంచి తూర్పువైపు లాంగ్ ఐలండ్ ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని వెళితే నెమ్మదిగా మేడలు తగ్గుతాయి. ఇసుక నేల, పైన్ చెట్లు మొదలవుతాయి. అప్టన్ అనే చోట ఎడమవైపు తిరిగితే బ్రూక్‌హేవెన్ నేషనల్ లేబొరేటరీ.

మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లే సైనికులకు శిక్షణ ఇవ్వడానికి 1917లో ఇక్కడ క్యాంప్ అప్టన్ అనే శిబిరం కట్టారు. రెండో యుద్ధం ముగిశాక, 1947లో అదే నేల మీద పరిశోధనశాల వెలిసింది. విస్తీర్ణం 5 వేల ఎకరాలకు పైనే. లోపల జింకలూ అడవి టర్కీ కోళ్లూ దర్జాగా రోడ్డు దాటుతుంటాయి. వాటి కోసం కార్లు ఆగుతాయి. సరదా సంగతి ఒకటుంది. 1958లో ఇక్కడి భౌతికశాస్త్రవేత్త విలియం హిగిన్‌బాతమ్, చూడ్డానికి వచ్చే జనానికి విసుగు రాకుండా ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ ఆట తయారుచేసి పెట్టారు. ఇవాళ పిల్లలు ఆడే వీడియో గేములకు అది ముత్తాతలాంటిది.

అయితే ఈ ఊరికి పేరు తెచ్చింది మాత్రం మట్టికట్ట కింద దాగిన ఓ పెద్ద చక్రం. చుట్టుకొలత 3.8 కిలోమీటర్లు. పేరు రిలెటివిస్టిక్ హెవీ అయాన్ కొలైడర్. అంతా పిలిచే పేరు ‘రిక్’. 2000లో పని మొదలుపెట్టింది. బంగారు పరమాణువు చుట్టూ 79 ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటన్నిటినీ ఒలిచేస్తే మిగిలేది కేంద్రకం. అలాంటి కేంద్రకాల్ని గుంపులు గుంపులుగా రెండు గొట్టాల్లో ఎదురెదురుగా పరుగెత్తిస్తారు. దాదాపు కాంతి వేగం అందుకున్నాక ఢీకొట్టిస్తారు. ఏళ్ల తరబడి నడిపినా దీనికి ఖర్చయ్యే బంగారం గ్రాము కూడా ఉండదట!

ఆ తాకిడి చోట పుట్టే వేడి 4 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిబొడ్డున ఉండే వేడికి రెండున్నర లక్షల రెట్లు. ఆ సెగకు ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కరిగిపోయి వాటి లోపలి క్వార్కులూ గ్లువాన్లూ పులుసులా కలిసిపోతాయి. విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకన్లలో పదార్థమంతా ఇలాగే ఉండేదని శాస్త్రవేత్తల అంచనా. వాయువులా ఉంటుందనుకున్న ఆ పులుసు జారే ద్రవంలా ప్రవర్తిస్తోందని 2005లో ఇక్కడివాళ్లే ప్రకటించారు.

గుంపులో ఎవరు ఎవరు?

ఆ పులుసు క్షణకాలం కూడా నిలవదు. చల్లారిపోతూ వేల కణాల్ని నలుదిక్కులా చిమ్ముతుంది. పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్లు... వాటి లెక్క తేలితేనే లోపల ఏం జరిగిందో తెలుస్తుంది. తిరునాళ్ల నుంచి తిరిగొచ్చే జనాన్ని చూసి అక్కడేం జరిగిందో ఊహించడం లాంటిదన్నమాట. చిక్కల్లా ఒక్కటే. ఆ జనంలో ఎవరి మొహమూ కనిపించదు!

కనిపించేది వాటి దారి మాత్రమే. తాకిడి చోటు చుట్టూ ‘స్టార్’ అనే పరికరం ఉండేది. ఇల్లంత ఎత్తు, 1200 టన్నుల బరువు. అందులోని అయస్కాంతం కణాల దారిని వంచుతుంది. ఎంత తక్కువ వంగితే అంత ఊపుమీద ఉందన్నమాట. అయస్కాంతంతో కణాల దారిని వంచి కొలిచే విద్య తెలుగువాళ్లకి కొత్తేం కాదు. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద ఇలాంటి పరిశోధనే చేశారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేశారు. విశాఖలోని ఆ ప్రయోగశాలలకు ఇప్పటికీ ఆయన పేరే.

కానీ ఊపు తెలిస్తే చాలదు. దూసుకొచ్చే సైకిలుకూ నెమ్మదిగా దొర్లే ఎడ్లబండికీ ఒకే ఊపు ఉండొచ్చు. అయస్కాంతం రెండిట్నీ ఒకేలా వంచుతుంది. ఏది సైకిలో, ఏది బండో చెప్పదు. మరెలా?

బండలాగుడు చెప్పే గుట్టు

పల్నాడువాళ్లకి ఇది విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. సంక్రాంతికీ తిరునాళ్లకీ ఎడ్ల బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగిన నేల అది. ఒకే జత ఎడ్లు. బండ తేలికదైతే పరుగే పరుగు. బరువు పెరిగేకొద్దీ అడుగు భారమవుతుంది. కళ్లకు గంతలు కట్టుకుని గీత దగ్గర నిలబడ్డా సరే, ఎంతసేపట్లో వచ్చాయో చెబితే బండ బరువైనదో తేలికదో చెప్పేయొచ్చు.

కణాల దగ్గరా అదే సూత్రం. ఊపు ఒకటే అయినప్పుడు తేలికది ముందొస్తుంది. బరువైనది ఆలస్యంగా వస్తుంది. ఆలస్యమెంతో కొలిస్తే బరువు తెలుస్తుంది. బరువు తెలిస్తే పేరు తెలుస్తుంది. ఎందుకంటే ప్రతి కణానికీ తనదైన బరువుంటుంది. అది మారదు. ఈ పద్ధతి పేరే ‘టైమ్ ఆఫ్ ఫ్లైట్’. పరుగుకి పట్టిన సమయం అన్నమాట.

ఇంతకీ ఆ ఆలస్యం ఎంత? స్టార్‌లో పరుగు దూరం రెండు మీటర్ల పైచిలుకు. 2.2 మీటర్లనుకుందాం. కాంతికి ఆ దూరం 7.3 నానోసెకన్ల పని. నానోసెకను అంటే సెకనులో నూరు కోట్లో వంతు. ఒక మామూలు ఊపు దగ్గర లెక్కవేస్తే పయాన్ 7.4 నానోసెకన్లలో వస్తుంది. కేయాన్‌కి 8.2 పడుతుంది. వీటికంటే బరువైన ప్రోటాన్ తీరిగ్గా 10.1 నానోసెకన్లకి చేరుతుంది. మనం కనురెప్ప వేసే లోపు కోట్లసార్లు జరిగిపోయే పందెం ఇది. ఒక నానోసెకనులో కాంతి నడిచేది 30 సెంటీమీటర్లు... అంటే పిల్లల స్కేలంత!

గాజు పలకలు, గాలపు దారం

ఇంత సూక్ష్మమైన గడియారం అంటే ఎంత ఖరీదైన సరంజామా కావాలో అనిపిస్తుంది. తీరా విప్పి చూస్తే లోపల ఉన్నది... కిటికీలకు వేసే రకం గాజు. అర మిల్లీమీటరు మందం పలకలు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో 0.22 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచుతారు. ఆ ఖాళీ ఎక్కడా చెదరకుండా ఉండాలి. దానికి ఏం వాడతారో తెలుసా? చేపలు పట్టే నైలాన్ దారం! ఖాళీల్లోకి పంపే వాయువు కూడా మనకి పరిచయమైనదే. నూటికి 95 వంతులు ఆర్134ఏ. ఫ్రిజ్‌లలో, కార్ల ఏసీల్లో చల్లదనం కోసం వాడుతూ వచ్చిన వాయువు.

పలకల మీద 14 వేల వోల్టుల కరెంటు పెడతారు. కణం దూసుకెళ్తూ వాయువులోంచి కొన్ని ఎలక్ట్రాన్లని ఊడగొడుతుంది. వోల్టేజీ వాటిని లాగుతుంది. అవి ఇంకొన్నిటిని ఊడగొడతాయి. కొండమీంచి రాయి దొర్లితే వెంట నూరు రాళ్లు దొర్లినట్టు. ఖాళీ ఎంత సన్నగా ఉంటే ఈ దొర్లుడు అంత త్వరగా ముగుస్తుంది, గడియారం అంత కచ్చితంగా కొడుతుంది. ఒక్క ఖాళీయే ఉంటే కణం జాడ తెలియకుండా జారిపోవచ్చు. అందుకే ఆరు ఖాళీలు పెట్టారు. ఒకచోట తప్పించుకున్నా ఇంకోచోట దొరుకుతుంది.

ఇలాంటి గాజు దొంతరలు 32 కలిపి ఒక పెట్టె. అలాంటి పెట్టెలు 120. పీపాకి పలకలు బిగించినట్టు స్టార్ చుట్టూ అమర్చారు. దొంతరలు చైనాలోని విశ్వవిద్యాలయాల్లో తయారయ్యాయి. అమెరికాలోని టెక్సస్‌లో పెట్టెల్లోకి ఎక్కాయి. 2010 నాటికి మొత్తం అమరిక పూర్తయింది. సంకేతాలు అందుకునే గళ్లు 23,040. ఒక్కోటీ సుమారు 100 పికోసెకన్ల తేడాని పసిగట్టగలదు. సెకనుని వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క!

కాటా సరిగ్గానే ఉందా?

ఇక్కడే ముప్పాళ్ళ రైతు ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. 23 వేల గడియారాలున్నాయి సరే. అవన్నీ ఒకే సమయం చూపిస్తున్నాయా?

చూపించవు. తీగలో సంకేతం 20 సెంటీమీటర్లు నడవడానికే ఒక నానోసెకను పడుతుంది. అంటే తీగ రెండు సెంటీమీటర్లు పొడుగైతే చాలు, ఆ గడియారం 100 పికోసెకన్లు వెనకబడినట్టే. పెద్ద సంకేతం ముందుగా మోగుతుంది, చిన్నది కాస్త ఆగి మోగుతుంది. ఆ తేడానీ దిద్దాలి. పరుగు ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఎప్పుడు ముగిసిందో తెలిసీ లాభం లేదు. అందుకే తాకిడి చోటుకి రెండువైపులా, గొట్టాన్ని ఆనుకుని వేరే పరికరాలు పెట్టారు. పందెంలో ఈల ఊదే మనిషి పని వాటిది. ఇలా ఒక్కో గడికీ ఒక్కో సవరణ. ప్రతి ఏడాది సమాచారానికీ మళ్లీ మొదట్నుంచి. పేపర్లలో పతాక శీర్షికలకెక్కని చాకిరీ ఇది. కానీ ఇది సరిగ్గా జరగకపోతే, తర్వాత కనిపెట్టామని చెప్పేదేదీ నిలబడదు.

ఏడుకొండల ఊళ్లో మూడు కొండలు

స్టార్ బృందంలో డజనుకు పైగా దేశాల సంస్థలున్నాయి. అందులో మన రాష్ట్రం పేరు కూడా ఉంది. ఐఐఎస్ఈఆర్ తిరుపతి! 2015లో మొదలైన ఈ సంస్థ ప్రాంగణం తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో, ఏర్పేడు దగ్గర ఉంది. బ్రూక్‌హేవెన్‌లో నమోదైన సమాచారం మీద పనిచేయడానికి ఎప్పుడూ విమానం ఎక్కనక్కర్లేదు. ఏర్పేడులో కంప్యూటర్ ముందు కూర్చుని అక్కడి కణాల్ని ఇక్కడ తూచొచ్చు.

అలా తూచినప్పుడు తెరమీద కనిపించే బొమ్మ చూస్తే నరసరావుపేటవాళ్లకి ఇట్టే గుర్తుపట్టాలనిపిస్తుంది. ఊపునీ పరుగు సమయాన్నీ కలిపి ప్రతి కణానికీ బరువు కట్టి గీస్తే, గీత మూడుచోట్ల కొండలా లేస్తుంది. తేలికవైపు ఎత్తుగా పయాన్ల కొండ. నడుమ కేయాన్లది. అవతల ప్రోటాన్లది. అచ్చం కోటప్పకొండ! ఏ దిక్కునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయని త్రికూటాచలానికి పేరు. ఇక్కడా అంతే. ఏ ఏడాది సమాచారం తీసుకున్నా ఆ మూడూ అదే చోట నిలబడాలి. పక్కకి జరిగాయంటే తప్పు ప్రకృతిది కాదు, కాటాది.

ఈ కాటాకీ ఒక హద్దుంది. ఊపు మరీ పెరిగితే తేలికదీ బరువైనదీ అన్నీ కాంతి వేగం దగ్గరికొచ్చేస్తాయి. అప్పుడు ఎవరూ ఆలస్యంగా రారు. కొండలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి. అక్కణ్నుంచి వేరే పద్ధతుల సాయం కావాల్సిందే.

యాభై వేల కోట్లలో పద్దెనిమిది

ఇంత కచ్చితత్వం దేనికంటారా? దానికి జవాబు 2011లో దొరికింది. మన పదార్థానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది ప్రతిపదార్థం. బరువు అదే, విద్యుదావేశం మాత్రం తలకిందులు. రెండు ప్రతిప్రోటాన్లు, రెండు ప్రతిన్యూట్రాన్లు కలిస్తే ప్రతిహీలియం-4. అప్పటివరకూ దాన్ని ఎవరూ చూడలేదు. స్టార్ బృందం సుమారు నూరు కోట్ల తాకిళ్లని, వాటిలోంచి వచ్చిన 50 వేల కోట్ల కణాల జాడల్ని జల్లెడ పట్టింది. దొరికినవి... అక్షరాలా 18!

గడ్డివాములో సూది అనడం కూడా తక్కువే. ఆ 18లో ఒక్కో కణమూ దారి వంపులో, ఆగి ఆగి వచ్చిన తీరులో తన బరువు తానే చెప్పుకుంది. గడియారం కాస్త తప్పినా వేరే కణమేదో ప్రతిహీలియం వేషంలో వచ్చి కూర్చునేది. ‘నేచర్’ పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. 2024లో అదే పత్రికలో ఇంకో వార్త. ప్రతిహైపర్‌హైడ్రోజన్-4 అనే మరింత బరువైన ప్రతికేంద్రకం ఆనవాళ్లు 600 కోట్ల తాకిళ్లలో సుమారు 16 దొరికాయి. అది విరిగిపోతూ వదిలేది ప్రతిహీలియంనే. అంటే దాన్ని పట్టించిందీ పాత కాటాయే.

‘సరే, దీంతో మా ఇంటికేం ఒరుగుతుంది?’ అనేవాళ్లూ ఉంటారు. పెద్దాసుపత్రుల్లో క్యాన్సర్ జాడ వెతికే పెట్ స్కానర్లలో ఇప్పుడు చాలావరకు ఇదే సూత్రం పనిచేస్తోంది. ఒంట్లోంచి ఒకేసారి ఎదురెదురు దిక్కులకు రెండు కిరణాలు బయల్దేరతాయి. ఏది ముందు చేరిందో, ఎంత ముందు చేరిందో కొలిస్తే అవి పుట్టిన చోటు తెలుస్తుంది. 200 పికోసెకన్ల తేడాని పట్టుకోగలిగితే, ఆ చోటుని మూడు సెంటీమీటర్ల లోపుకి కుదించొచ్చు. బొమ్మ తేటపడుతుంది.

చక్రం ఆగింది, లెక్క ఆగలేదు

2026 ఫిబ్రవరిలో రిక్‌లో ఆఖరి తాకిళ్లు జరిగాయి. పాతికేళ్లు తిరిగిన చక్రం ఆగింది. అదే సొరంగంలో ఇక ఎలక్ట్రాన్లనీ కేంద్రకాల్నీ ఢీకొట్టించే కొత్త యంత్రం రాబోతోంది. దాని పక్కన పెట్టే పరికరంలోనూ టైమ్ ఆఫ్ ఫ్లైట్ పొర ఉంటుంది. ఈసారి గాజు, గాలపు దారం బదులు సిలికాన్ పలకలు. గురి 30 పికోసెకన్లు.

కొత్త యంత్రం 2030ల్లో కానీ రాదు. అప్పటిదాకా పనిలేదనుకుంటే పొరపాటే. పాతికేళ్ల పంట గిడ్డంగిలో ఉంది. తూచాల్సింది ఇంకా బోలెడు. ఆ తూకం వేసేవాళ్లలో ఏర్పేడు పిల్లలుంటారు. ఇంటర్లో సైన్సు చదివి, ఐఐఎస్ఈఆర్ ఆప్టిట్యూడ్ టెస్టు గట్టెక్కితే అక్కడ అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ చదువు. ముప్పాళ్ళ నుంచి తిరుపతి ఎంత దూరం? ఒక్క రాత్రి ప్రయాణం.

కాటా ముందు నిలబడి అంకెల్ని అనుమానంగా చూసే రైతు ఇంట్లో పెరిగిన పిల్లకో పిల్లాడికో ఈ విద్యలో సగం ముందే వచ్చి ఉంటుంది. సరుకు తూచేముందు కాటాని తూచాలన్నది వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. మిగతా సగం నేర్చుకున్నాక ఒకరోజు కంప్యూటర్ తెరమీద ఓ గీత లేస్తుంది. ఒకటి, రెండు, మూడు... చిన్నప్పుడు శివరాత్రికి ప్రభల వెంట నడుస్తూ దూరం నుంచి చూసిన కొండే అది.